గుండిగలో దడ

షెహాతా టాక్సీ ఎక్కేవాళ్ళలో సామాను ఉన్నవాళ్ళు ముందుగా కారు వెనక్కి వెళ్ళి నిలబడతారు. షెహాతా దిగి, బిస్మిల్లా అనుకుని, డిక్కీ తెరుస్తాడు. లోపల గ్యాస్ బండ అడ్డంగా పడుకుని ఉంటుంది, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మామగారిలా. దాన్ని లేపేందుకు లేదు, పక్కకు జరిపేందుకు లేదు. కారు నడిచేది ఆ గ్యాస్ మీదే.

"చూశారుగా అమ్మా. మూటలు ఒళ్ళో పెట్టుకోండి, లేకపోతే నా ఒళ్ళో పెట్టండి," అంటాడు షెహాతా. చాలామంది నవ్వి ఒళ్ళోనే పెట్టుకుంటారు. ఒకసారి నిజంగానే ఒక పెద్దావిడ పుచ్చకాయ తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. అలాగే రైల్వే స్టేషన్ దాకా నడిపాడు.

అలెగ్జాండ్రియాలో అన్ఫూషీ వీధులకు ఆ నలుపు-పసుపు లాడా కారు బాగా తెలుసు. దాని ముందుపలక మీద ఎప్పుడూ ఖర్జూరం పొట్లం ఒకటి ఉంటుంది. ఉపవాస రోజుల్లో సూర్యాస్తమయం వేళకు దారిలో చిక్కుకున్నవాడెవడైనా సరే, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవచ్చు. మిగతా రోజుల్లోనూ తీసుకుంటారు. షెహాతా ఏమీ అనడు.

అతనికి పిల్లలు లేరు. తమ్ముడు పోయాక తమ్ముడి కూతురు సుహాను తెచ్చి పెంచుకున్నాడు. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళి కుదిరింది. చిక్కు అంతా పెళ్ళికూతురి కారు దగ్గర వచ్చింది.

పెళ్ళికొడుకు పెదనాన్న కొడుకు తామిర్ అని ఒకడున్నాడు. మంచి భారీ మనిషి, అంతకన్నా భారీ కారు. ఆ కారు డిక్కీ నిండా స్పీకర్లే. పాట పెడితే వీధిలో దండేలమీద ఆరేసిన బట్టలు ఊగుతాయి. పెళ్ళికూతురు అలంకరణ షాపు నుంచి మండపానికి తన కారులోనే రావాలని అతని పట్టు.

"మా వదిన మా కారులో రావాలి బాబాయ్. మీ బండిలో దడదడ అంటే ఇంజిన్‌దే కదా," అన్నాడు తామిర్, టీ తాగుతూ.

అందరూ నవ్వారు. షెహాతా కూడా నవ్వాడు, కానీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ వీధిలో ఎందరో పెళ్ళికూతుళ్ళను అతనే మండపానికి చేర్చాడు. సొంత పిల్లను ఇంకొకడు తీసుకెళ్తుంటే వెనకాల ఖాళీ కారు నడుపుకుంటూ పోవడం అతని వల్ల కాదు.

సుహా అది కనిపెట్టింది. "సరే, ఒక మాట. పెళ్ళి నాటికి మా పెదనాన్న కారులో నా వీపుకి పాట దడ తెలిస్తే అందులో వస్తాను. తెలియకపోతే నీ కారే," అంది. తామిర్ చెయ్యి చాచాడు, షెహాతా చెయ్యి కలిపాడు. కలిపాకే, దడ ఎక్కడ దొరుకుతుందో తనకు తెలియదని అతనికి గుర్తొచ్చింది.

మర్నాడు అత్తారీన్ సందులో మీలాద్ దగ్గరికి వెళ్ళాడు. మీలాద్ కార్లకు స్పీకర్లు బిగించే మేస్త్రీ. అతని కొట్లో కొత్త వస్తువు ఒక్కటే, గోడ మీది కన్య మరియమ్మ పటం. మిగతావన్నీ ఎక్కడో మోగి మోగి వచ్చినవే.

మీలాద్ డిక్కీలో తల పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఉన్నావా మేస్త్రీ?" అన్నాడు షెహాతా.

"ఉన్నాను. చోటే లేదు. బరువైన మోత రావాలంటే స్పీకరు వెనక గాలి ఆడే పెట్టె కావాలన్నా. పెట్టెకు చోటు కావాలి. ఇక్కడ ఈ బండ, అక్కడ స్టెప్నీ. నువ్వు డ్రైవింగ్ చేస్తూ ఒళ్ళో పెట్టుకుంటావా?"

"పుచ్చకాయైతే పెట్టుకున్నాను."

స్టెప్నీ తీసి కారు పైకి కట్టేస్తే ఆ మూల కాస్త ఖాళీ వస్తుందని తేలింది. కానీ అది గుండ్రటి గుంట. చెక్కపెట్టె మూలలు పట్టవు. గుండ్రంగా, మందంగా, గాలి చొరబడని వస్తువు కావాలన్నాడు మీలాద్. ఆ మాట వినగానే షెహాతాకు ఇంట్లో మెట్ల కింద బోర్లించి ఉన్న గుండిగ కళ్ళ ముందు మెరిసింది.

అది రాగి గుండిగ. పేరుకు షెహాతా ఇంట్లో ఉంటుంది గానీ వీధి మొత్తానిది. ఎవరింట శుభకార్యమైనా అందులోనే వంట. సుహా పెళ్ళికి మాత్రం మండపం వాళ్ళే రొట్టెలు, కూల్‌డ్రింకులు ఇస్తారు కనుక దానితో పని లేదని షెహాతా లెక్క వేసుకున్నాడు.

గుండిగను భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే భార్య ఇన్సాఫ్ వంటింట్లోంచి చూసింది.

"ఎక్కడికయ్యా దాన్ని?"

"మేస్త్రీ దగ్గరికి."

"అబ్బ, ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా. లోపల కళాయి అంతా పోయింది, దగ్గరుండి పెట్టించు," అందామె సంతోషంగా. షెహాతా దగ్గాడు.

మీలాద్ చెక్కతో గుండ్రటి మూత కోసి, దానికి స్పీకరు బిగించి, గుండిగ మూతికి బంకతో అతికించాడు. స్పీకరు ఎప్పుడో బోల్తాపడ్డ ఊరేగింపు వ్యానుది. డబ్బు సంగతి ఎత్తితే మీలాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆదివారం ఆదివారం చర్చికి దించి తీసుకురా, చాలు. నువ్వు మసీదుకు వెళ్ళే రోజు వేరు కదా, అడ్డం రాదు." షెహాతా ఆ బేరానికి సంతోషించాడు, ఎందుకంటే మీలాద్ వాళ్ళమ్మ దారిలో మంచి కబుర్లు చెబుతుంది.

తొలిసారి పాట పెట్టినప్పుడు పాట రాలేదు. పాత్రల అంగడి మెట్ల మీంచి దొర్లినట్టు మోత వచ్చింది. మీలాద్ బంక ఊడదీసి, లోపల పాత బొంత దూది కుక్కి, మళ్ళీ మూశాడు. ఈసారి సీటు కింది నుంచి ఒక బరువైన దెబ్బ లేచి వచ్చి షెహాతా వెన్నులో కూర్చుంది. అతను కళ్ళు మూసుకుని, "అల్హమ్దులిల్లా," అన్నాడు.

ఆ తర్వాత గ్యాస్ కొట్టించుకోవడానికి వెళ్తే అక్కడి కుర్రాడు నియమం ప్రకారం అందరినీ దింపి, డిక్కీ తెరిపించి, లోపలికి చూసి తల గోక్కున్నాడు. "బండ ఉంది, గుండిగ ఉంది. పొయ్యి ఏది అన్నా?"

"పొయ్యి నా కడుపులో ఉందిలే, పట్టు," అన్నాడు షెహాతా.

ఎక్కినవాళ్ళకూ ఆ దెబ్బ నచ్చింది. ఎదురింటి హజ్జా బహియ్యా ఎన్నాళ్ళనుంచో నడుం నొప్పితో బాధపడుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ఎక్కి, కాస్త దూరం పోయాక, "షెహాతా, డాక్టరు వద్దులే. సముద్రం ఒడ్డున ఇంకో చుట్టు తిప్పు నాయనా," అంది. దిగేటప్పుడు నిటారుగా దిగింది. ఆమె ఆ మాట పదిమందికీ చెప్పడంతో వీధిలో నడుములు పట్టేసిన పెద్దవాళ్ళంతా సాయంత్రాలు లాడా వెనక సీటు కోసం కాచుకుని ఉండేవాళ్ళు. షెహాతా వాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకునేవాడు కాదు. వాళ్ళు చేసే దువా చాలనుకున్నాడు.

పెళ్ళి రోజు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడు. తెరిస్తే వీధిలో ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు, ముందర హజ్జా బహియ్యా. వెనక ఇద్దరు మాంసం బుట్ట మోస్తున్నారు, ఇంకొకరు బియ్యం బస్తా లాక్కొస్తున్నారు.

"తండ్రి లేని పిల్ల పెళ్ళికి ఎండు రొట్టెలు పెట్టి పంపిస్తామా నాయనా," అంది హజ్జా. "నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. అందరం కలిసి మాంసం వేసి ఫత్తా అన్నం వండుతున్నాం, మగపెళ్ళివాళ్ళకు కూడా. గుండిగ తియ్యి."

షెహాతా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ మంచితనానికి కొన్ని, గుండిగ కోసం కొన్ని.

"మేస్త్రీ దగ్గర కళాయి పెట్టించి తెచ్చాడుగా, కారులోనే ఉన్నట్టుంది," అంది ఇన్సాఫ్, తాళాలు తీసుకుని తనే వెళ్ళి డిక్కీ తెరిచింది. తెరిచి అలాగే నిలబడిపోయింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"కళాయి నల్లగా వేశాడేంటే, మధ్యలో గుండ్రంగా," అంది ఒకావిడ.

"అది కళాయి కాదమ్మా, మా ఆయన బుర్ర," అంది ఇన్సాఫ్. "తెచ్చి దీంట్లో పెట్టాడు. అందుకే పైన ఖాళీగా ఉంది."

హజ్జా బహియ్యా గుండిగను చూసి, తన నడుం మీద చెయ్యి వేసుకుని, "అయితే ఇన్నాళ్ళూ నా వైద్యం ఇదేనా," అంది మెల్లగా. తర్వాత షెహాతా మొహం చూసింది. "పోనీలే ఇన్సాఫ్, రేకు డబ్బాల్లో వండుకుందాం. ఉంచనీ."

ఆ మాటతో షెహాతాకు ఇంక ఆలోచించేందుకు ఏమీ మిగల్లేదు. వద్దన్నాడు. తనే వంగి, తీగలు ఊడదీసి, గుండిగను కౌగిలించుకుని బయటికి తీశాడు. పిల్ల తామిర్ కారులో వెళ్తుంది, అంతే కదా అనుకున్నాడు. వీధి అంతా వండిపెట్టిన భోజనం కన్నా తన దడ గొప్పదా అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, గుండిగలోంచి దూది పీకుతుంటే ముక్కు కారింది. దూది పడదని చెప్పాడు.

కబురు విని మీలాద్ పరిగెత్తుకొచ్చాడు. మిగిలిన స్పీకరును చేతిలో పళ్ళెంలా పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. "పెట్టె లేకపోతే ఇది దగ్గే ముసలాడిలా ఉంటుందన్నా. ఇప్పటికిప్పుడు పెట్టె ఎక్కణ్ణుంచి తేను?"

ఇన్సాఫ్ ఇసుకతో గుండిగ తోముతూ, తల ఎత్తకుండానే, కోపంగా అంది: "డబ్బాలో ఇంకో డబ్బా ఎందుకయ్యా మీకు? ఆ వెనక మూత వేస్తే అదే ఇంత పెద్ద డబ్బా కాదూ? మా వంటపాత్రలు తప్ప మీ కళ్ళకు ఏదీ ఆనదా?"

మీలాద్ ఆమె వంక చూశాడు. డిక్కీ వంక చూశాడు. తర్వాత రంపం తీశాడు.

వెనక సీటుకు, వెనక అద్దానికి మధ్య ఉండే చెక్కపలక మీంచి టిష్యూ డబ్బాను తీసేసి, పలకను గుండ్రంగా కోసి, స్పీకరును ఆకాశం వైపు తిప్పి బిగించాడు. డిక్కీ మొత్తం దానికి పెట్టె అయింది. సందుల్లో గుండిగ దూదే కుక్కాడు. సాయంత్రపు అసరు నమాజుకు వెళ్ళి షెహాతా తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. పాట పెడితే దెబ్బ ఇదివరకటికన్నా లోతుగా వచ్చింది. కానీ దాంతోపాటు డిక్కీ మూత కూడా పాడటం మొదలుపెట్టింది. ముసలి లాడా మూత, గొళ్ళెం వదులు. ప్రతి దెబ్బకూ గడగడగడ. మూత మీద స్టెప్నీ ఎక్కించారు, ఇసుక బస్తా ఎక్కించారు. గడగడ తగ్గి గలగల అయింది, ఆగలేదు.

చీకటి పడే వేళకు అలంకరణ షాపు ముందు తామిర్ కారు వచ్చి ఆగింది, పూలతో, లైట్లతో, సముద్రం మీద పడవలా. దాని వెనక లాడా. దెబ్బ పడ్డప్పుడల్లా దాని ముందు దీపాలు మసకబారి మళ్ళీ వెలుగుతున్నాయి. చూసినవాళ్ళు కావాలని పెట్టించిన అలంకారం అనుకున్నారు. సుహా తెల్ల గౌనుతో బయటికి వచ్చి రెండు కార్ల మధ్య నిలబడింది.

"దడ ఉందమ్మా," అన్నాడు షెహాతా. "గోల కూడా ఉంది. నేను అబద్ధం చెప్పను. నువ్వు ఆ కారులో వెళ్ళినా నాకేం లేదు."

తామిర్ లాడా దగ్గరికి వచ్చి, చెవి డిక్కీకి ఆనించి, పెళ్ళి బట్టల్లో ఉన్న సంగతి మరిచి కాసేపు వంగి విన్నాడు. అతను స్పీకర్ల మనిషి. మొహం అదోలా పెట్టాడు.

"బాబాయ్, లోపల దెబ్బ బంగారంలా ఉంది. ఈ మూతే పాడుచేస్తోంది. ఈ గలగల వింటూ నేను నా కారులో కూర్చోలేను. దీనికి బరువు కావాలి."

"బస్తా పెట్టి చూశాం నాయనా."

"బస్తా కదలకుండా ఉంటుంది. ఇది ఎగిరే వస్తువు, దాంతోపాటు సర్దుకునే బరువు కావాలి," అని, తన కారు తాళాలు పక్కనున్న తమ్ముడి మీదికి విసిరి, కోటు గుండీ విప్పుకుని, బస్తా, స్టెప్నీ దించి, లాడా డిక్కీ మీద ఎక్కి కూర్చున్నాడు. కారు వెనక భాగం మోకాళ్ళమీద వంగినట్టు వంగింది. గలగల ఠక్కున ఆగిపోయింది.

అందరూ చెవులు రిక్కించి విన్నారు. దెబ్బ ఒక్కటే, శుభ్రంగా.

"నడపండి బాబాయ్, నడిచే మనిషికన్నా నెమ్మదిగా. పడితే మా అమ్మ మిమ్మల్నే అడుగుతుంది," అన్నాడు తామిర్.

సుహా లాడా ఎక్కింది. పక్కన హజ్జా బహియ్యా కూడా ఎక్కింది, ఎవరూ పిలవలేదు. ఊరేగింపు కదిలింది. ఆడవాళ్ళు మేడల మీంచి ఉప్పూ మిఠాయిలూ పెళ్ళికూతురి మీద చల్లబోతే సగం తామిర్ మీద పడ్డాయి. ఎవరో ఒక గిన్నెలో ఫత్తా తెచ్చి అతని చేతికిచ్చారు, కాళ్ళాడిస్తూ తిన్నాడు. తిన్న కొద్దీ మూత ఇంకా బాగా నొక్కుకుందని మీలాద్ తర్వాత చెప్పాడు.

షెహాతాకు వెనక అద్దంలో తామిర్ కోటు తప్ప ఏమీ కనపడటం లేదు. బిస్మిల్లా అనుకుని ముందుకే చూస్తూ నడిపాడు. మలుపు దగ్గర మెడ తిప్పి, గొంతు పెంచి అడిగాడు.

"తల్లీ, వీపుకి తెలుస్తోందా?"

సుహా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏంటి పెదనాన్నా? వినపడటం లేదు."

ఆ మాటే జవాబు అనుకుని షెహాతా మళ్ళీ ముందుకు తిరిగి నడిపాడు.