మొదటి అంగుళం

కత్తెర పట్టినవాణ్ణి మాస్టర్ అనడం లోకరివాజు. ఆ లెక్కన అతను ఇరవై ఏళ్లుగా మాస్టరే. కాకపోతే ఆ పిలుపుకి తగ్గ పని రెండేళ్ల నుంచే చేస్తున్నాడు. తన ఇద్దరు ఆడపిల్లలకి ఇంట్లోనే చదువు చెబుతున్నాడు.

వాళ్లమ్మ సిటీ బస్సు నడుపుతుంది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం మూడింటికి తిరిగొస్తుంది. అందుకని బడి, దుకాణం, వంటిల్లు మూడూ అతని నెత్తినే పడ్డాయి. ముందుగదిలో పెద్ద కత్తిరింపు బల్ల ఉంది. ఒక చివర గుడ్డ, ఇంకో చివర పుస్తకాలు, మధ్యలో సుద్దతో గీసిన సరిహద్దు. ఐదేళ్ల చిన్నది ఆ గీతని నెలకో వేలెడు చొప్పున జరుపుకుంటూ పోయింది. ఏడాది తిరిగేసరికి మాస్టర్ ప్యాంట్లని నాలుగు మడతలు పెట్టి కత్తిరిస్తున్నాడు.

చదువుకి కావలసిన సరంజామా ఇంట్లోనే ఉంది. రెండు కన్నాల గుండీలతో రెండో ఎక్కం, నాలుగు కన్నాల గుండీలతో నాలుగో ఎక్కం వచ్చేశాయి. మూడు కన్నాల గుండీ ఎక్కడా దొరకలేదు కాబట్టి మూడో ఎక్కం కొంచెం ఆలస్యమైంది. చదవడానికి ఆర్డర్ల పుస్తకం ఉంది. అందులో 'నడుము వదులు', 'ఎడమ భుజం జారుడు', 'పొట్ట సంగతి ఎత్తకూడదు' లాంటి వాక్యాలుండేవి. పిల్లలిద్దరూ వాటితోనే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. ఊళ్లో ఎవరి పొట్ట సంగతి ఎత్తకూడదో కూడా వాళ్లకి తెలుసు.

కొలతలకి మాత్రం ఒకటే పరికరం. మాస్టర్ మెడలో వేలాడే టేపు. అతనికి పని నేర్పిన పెద్దాయన చేతి టేపు అది. మొదట్లో ఉండే రేకుముక్క ఊడిపోయి అంచు పీచులు లేస్తుంటే, పెళ్లికి ముందే అతను మొదటి అంగుళాన్ని గీత మీదుగా కత్తిరించి పారేశాడు. అప్పట్నుంచీ టేపు ముప్ఫై మూడు చూపిస్తే అది ముప్ఫై రెండన్నమాట. వెనకవైపు అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంట్లో స్కేలు లేదు. గీతలు గీయడానికి అంకెల్లేని చెక్కబద్ద ఉంది. కొత్త టేపు కొనుక్కోవయ్యా అని భార్య అంటే అతనికి ఒకటే జవాబు.

"ఇది అబద్ధమే చెబుతుంది. కానీ ఎంత చెబుతుందో నాకు తెలుసుగా."

పిల్లలకి కూడా అలాగే నేర్పాడు. కొలువు, ఒకటి తీసెయ్యి. ఎందుకని వాళ్లు అడగలేదు, ఇతను చెప్పలేదు. అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలన్నట్టే ఇదీ ఒక నియమం అనుకున్నారు. పెద్దది మాటలతో పాటే టేపు పట్టడం కూడా నేర్చింది. చిన్నది రోజూ పిల్లిని కొలిచి ఒకటి తీసేసేది. పిల్లి రోజుకో పొడవుండేది.

అసలు ఈ ఇంటిచదువంతా పెద్దదాని వల్లే మొదలైంది. ఆరో ఏట ఒక ఏడాది బడికి వెళ్లింది. మొదటి రెండు నెలలూ బాగానే మాట్లాడింది. ఆ తర్వాత ఏమైందో, బడిలో బెల్లం కొట్టిన రాయి, ఇంటికొస్తే వసపిట్ట. వాళ్ల టీచర్ ఇతన్ని పిలిపించి పాపకి చెవులు చూపించమంది. చూపించారు. చెవులు బాగున్నాయి. గొంతు చూపించమంది. అదీ బాగుంది. ఇక చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఏమైందమ్మా అని ఎన్నిసార్లు అడిగినా పిల్ల తల దించుకునేదే తప్ప చెప్పేది కాదు. ఒకరోజు అతను బడి కిటికీలోంచి చూశాడు. చుట్టూ పిల్లలు గోల చేస్తుంటే తన కూతురు బల్ల చెక్క మీద చూపు పెట్టి కూర్చుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు ఇంట్లోనే గెలవనీ అని విద్యాశాఖకి అర్జీ పెట్టాడు.

అనుమతి వచ్చింది, ఒక షరతుతో. ఏడాదికోసారి విద్యాశాఖ అధికారి ఇంటికొచ్చి పరీక్ష పెడతారు. ఏ ఒక్క దాంట్లో తప్పినా పిల్ల తిరిగి బడికి పోవాలి. మొదటి ఏడాది పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలే ఉన్నాయి. అన్నీ కాగితం మీదే అయిపోయాయి. ఈ ఏడాది పెద్దదానికి ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి కొలతలు కూడా ఉంటాయని ఉత్తరం వచ్చింది. అది చదివి మాస్టర్ మొదటిసారి నిశ్చింతగా నిద్రపోయాడు. దర్జీ కూతురికి కొలతల పరీక్షంటే చేపపిల్లకి ఈత పరీక్షే కదా అనుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున భార్య బస్సు డిపోకి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు మాత్రం మధ్యలో దూరకు. పిల్ల తుమ్మితే నువ్వు ముక్కు తుడుచుకునే రకం."

"నేనెందుకు దూరతాను?" అన్నాడతను.

పదింటికి అధికారిణి వచ్చింది. కళ్లజోడు, నవ్వని ముఖం, బూడిదరంగు కోటు. కోటు మూడో గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది. మాస్టర్ చేతులు దురద పెట్టాయి. ఆవిడ నియమాలు చదివి వినిపించింది. పరీక్ష పూర్తయ్యేదాకా తల్లిగానీ తండ్రిగానీ నోరెత్తకూడదు, ఎత్తితే పరీక్ష రద్దు. అతను వెళ్లి కుట్టుమిషను ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

చదివి జవాబులు రాయడంలో పెద్దదానికి ఐదుకి ఐదు. లెక్కల్లో ఐదుకి ఐదు. అధికారిణి సంచీలోంచి ఒక కవరు, పుస్తకం, దువ్వెన, చెంచా, రిబ్బను ముక్క తీసి బల్ల మీద పెట్టి, తన స్టీలు స్కేలు ఇచ్చింది. పెద్దది చకచకా కొలిచి రాసి కాగితం అందించింది. ఆవిడ ఎర్ర పెన్ను తీసింది. ఒక ఇంటూ పెట్టింది. తర్వాత ఇంకోటి. మాస్టర్ చూస్తుండగానే ఐదు ఇంటూలు పడ్డాయి.

"కవరు తొమ్మిది అంగుళాలు. ఎనిమిదని రాశావు. పుస్తకం ఎనిమిదైతే ఏడని రాశావు. అన్నిటికీ సరిగ్గా ఒకటి తక్కువ. ఎందుకమ్మా?" అని అడిగింది.

పెద్దది బల్ల చెక్క మీద చూపు పెట్టింది.

మాస్టర్ చెయ్యి దానంతటదే మెడలోని టేపు మీదకి వెళ్లింది. నోరు తెరిచాడు. ఆవిడ అతని వైపు తిరగకుండానే వేలెత్తింది. నోరు మూసుకున్నాడు. ఒక్క మాట చెబితే అంతా తేలిపోతుంది, ఆ ఒక్క మాటా చెబితే అంతా పోతుంది. తను చేసిన తప్పుకి పిల్ల ఆ బడికి, ఆ బల్ల దగ్గరికి తిరిగిపోతుందని అతనికి ఏడుపొచ్చింది.

"మా అక్క మాట్లాడదండీ. నన్నడగండి," అంది చిన్నది.

"నీకు తెలుసా?"

"తెలీదండీ. కానీ నేను మాట్లాడతాను."

ఆవిడ దాన్ని పక్కన కూర్చోమని చెప్పి గడియారం చూసుకుంది. పెద్దది మాత్రం లేచి తిన్నగా తండ్రి దగ్గరికొచ్చింది. అతని మెడలోంచి టేపు లాక్కుని వెళ్లి బల్ల మీద స్కేలు పక్కన పరిచింది. రెండిటి మొదళ్లూ కలిపి, అంకె అంకె మీదా వేలు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"మన టేపుకి ఒకటి లేదు నాన్నా," అంది.

అతను తల ఊపాడు. తల ఊపకూడదని నియమాల్లో లేదు.

పెద్దది అధికారిణి వైపు తిరిగింది. "మా టేపుకి మొదటి అంగుళం లేదండీ. అందుకని మా ఇంట్లో ఒకటి తీసేస్తాం. మీ దానికి ఉంది. తీయక్కర్లేదు. నేను రాసిన వాటికి ఒకటి కలుపుకోండి."

బయటి మనిషితో అది మాట్లాడగా అతను వినడం దాదాపు మూడేళ్లలో అదే మొదలు. గొంతు మామూలుగానే ఉంది, ఇంట్లో చెల్లెల్ని గదమాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే. అధికారిణి సంచీలోంచి ఇంకో ఐదు వస్తువులు తీసింది. పెద్దది కొలిచి రాసింది. ఈసారి ఐదుకి ఐదు.

"బడిలో కూడా ఇదే అయిందండీ," అంది పెద్దది, స్కేలు తిరిగిచ్చేస్తూ. "టీచర్ పెన్సిల్ కొలవమంది. ఆరన్నాను. ఏడంది. మళ్లీ కొలవమంటే మళ్లీ ఆరే అన్నాను. అందరూ నవ్వారు. నేను నాన్న చెప్పినట్టే కొలిచాను. ఏం చెప్పినా తప్పంటారని ఇంకేం చెప్పలేదు."

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో మాస్టర్‌కి అప్పుడు తెలిసింది. చెవులు చూపించాడు, గొంతు చూపించాడు, బడినీ టీచర్నీ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. టేపు మాత్రం ఇన్నాళ్లూ మెడలోనే ఉంది.

అధికారిణి సంతకం పెట్టి అనుమతి కాగితం చేతికిచ్చింది.

"ఇక మీరు మాట్లాడొచ్చు."

మాట్లాడాల్సింది కొండంత ఉంది. "మీ కోటు గుండీ ఊడిపోయేలా ఉందండీ," అన్నాడు. ఆవిడ కోటు విప్పి ఇచ్చింది. అతను కళ్లు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు తంటాలు పడి, గుండీ కుట్టి ఇచ్చాడు.

మూడింటికి భార్య వచ్చి సంగతంతా విని కుర్చీలో కూలబడింది.

"పిల్లకి చెవులు చూపించాం కదయ్యా."

"చూపించాం."

"టేపుని చూపించాల్సింది."

అతను పెద్దదాని దగ్గరికెళ్లి, తప్పు నాదేనమ్మా, నువ్వు సరిగ్గానే కొలిచావు అన్నాడు. అది వెంటనే ఇంకోటి అడిగింది.

"ఆ బడిలో ఇంకా ఆ టీచరే ఉందా?"

"ఉంది."

"అయితే నేను వెళ్లి చెప్పాలి."

"చెప్పి వచ్చేద్దాం. నేనూ వస్తాను."

"వద్దు. నేను చెబుతాను. తర్వాత అక్కడే కూర్చుంటాను."

అనుమతి కాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది. పిల్లని ఎవరూ పంపక్కర్లేకుండా అదే వెళతానంటుందని అతను అనుకోలేదు. సంతోషమూ దిగులూ ఒకేసారి వచ్చి, ఏది ముందో తెలియక కాగితాన్ని మడిచి ఆర్డర్ల పుస్తకంలో పెట్టాడు.

మర్నాడు కొత్త టేపు కొన్నాడు. బడి యూనిఫాంకని పెద్దదాన్ని స్టూలు మీద నిలబెట్టాడు. చిన్నది పిల్లిని ఎత్తుకుని తన వంతు కోసం నిలబడింది. భుజం కొలిస్తే టేపు పదకొండున్నర చూపింది. ఆర్డర్ల పుస్తకంలో పదిన్నర అని రాశాడు.

పెద్దది వంగి పుస్తకంలోకి చూసింది.

"మళ్లీ కొలువు నాన్నా," అంది. నవ్వలేదు. "పెన్సిల్ నాకివ్వు."