ఒక తాళి కోసం దివిసీమకు

సికింద్రాబాదులో నేను పాఠాలు చెప్పే క్రైస్తవ వేదాంత కళాశాలకు వేసవి సెలవులిచ్చిన రోజే యేసుదాసు ఫోను చేశాడు. ఒకప్పుడు నా విద్యార్థి. ఇప్పుడు దివిసీమలో నాగాయలంక దగ్గరి ఒక ఊళ్ళో సంఘకాపరి, అంటే పాస్టరు.

"మేడం గారూ, సోమవారం మా సంఘంలో పెళ్ళండి. కార్డులు పంచేశాం, షామియానా చెప్పేశాం. తాళి దగ్గర ఆగిపోయింది. తాళి లేకపోతే అది పెళ్ళే కాదంటుంది అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ. కడితే నేను రానంటుంది అబ్బాయి తల్లి. ఎవరూ తగ్గట్లేదండి. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి."

నేను చెప్పే పాఠం మిషన్ వేదాంతం. సువార్త ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళినప్పుడు అక్కడి భాషను, పాటను, ఆచారాన్ని ఎంతవరకు తనదిగా చేసుకోవాలి, దేన్ని వదిలిపెట్టాలి అనేదే ఆ పాఠం. అందులో తాళి ఒక అధ్యాయం. పాత మిషను సంఘాలు చాలావరకు తాళిని ఉంచుకుని, పుస్తెల మీద శిలువ వేయించాయి. ఈమధ్య వచ్చిన స్వతంత్ర ప్రార్థన మందిరాల్లో కొన్ని తాళితో పాటు నగలన్నీ తీసేశాయి. రెండు పక్షాల వాదనలూ నాకు కంఠతా వచ్చు. రెండు చీరలు, ఒక పుస్తకం సంచిలో పెట్టుకుని శుక్రవారం రాత్రి మచిలీపట్నం బండి ఎక్కాను.

ముందు గుడివాడలో దిగాలని అనుకున్నాను. అబ్బాయి తల్లి ఉండేది అక్కడే. రానన్న మనిషిని ముందు కలవడం మంచిది. గుడివాడ తెల్లవారుజామున వస్తుంది కాబట్టి దిగేవాళ్ళు ఫోనులో అలారం పెట్టుకోవాలి, లేకపోతే బందరులో మెలకువ వస్తుంది. స్టేషను బయట బండి మీద వేడి ఇడ్లీ తిని, టీ తాగి, కాస్త తెల్లారాక ఆటో మాట్లాడుకున్నాను.

విజయమ్మ గారిది మార్కెట్ వెనక సందులో చిన్న టైలరింగ్ షాపు. వెనకాలే ఇల్లు. యాభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, ఒంటి మీద నగ అన్నది లేదు. "ప్రైజ్ ద లార్డ్ అమ్మా, రండి" అని కుర్చీ వేసింది. నేను "వందనాలండి" అన్నాను. మా తరం సంఘాల్లో ఈ మాటే అలవాటు.

"ఆ పాస్టరు గారు మిమ్మల్ని నాకు బోధించడానికి పంపించారా?" అని అడిగింది, నవ్వుతూనే.

"వినడానికి వచ్చానండి. బోధ సంగతి తర్వాత."

ఆవిడ కుట్టుమిషను పక్కకు జరిపి చెప్పింది. పుట్టింది, మెట్టింది హిందూ కుటుంబాల్లోనే. భర్త లారీ డ్రైవరు. కొడుకు సుధీర్ ఒళ్ళో పిల్లాడుగా ఉండగానే ఆయన ప్రమాదంలో పోయాడు. పదకొండో రోజు కాలవ గట్టు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపేశారు, తాళి తెంపారు. నేను తీసి ఇస్తాను, తెంపొద్దు అని ఆవిడ బతిమాలినా వినలేదు.

"ఆ తర్వాత నన్ను ఏ పెళ్ళికీ పిలవలేదండి. ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు. మా సొంత ఆడపడుచు కూడా. అప్పుడు ఈ వీధిలో ప్రార్థన చేసుకునే వాళ్ళు వచ్చి నన్ను మందిరానికి తీసుకెళ్ళారు. అక్కడ ఎవరి మెడలోనూ ఏమీ లేదు. అందుకని నా బోసి మెడ ఎవరికీ కనపడలేదు."

ఒక గుడ్డముక్క మడత పెడుతూ మళ్ళీ అంది. "ఆ నెలలోనే మందిరంలో పెళ్ళి జరిగితే నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇప్పుడు నా కోడలి మెడలో అది కట్టడానికి నేను చప్పట్లు కొట్టాలా? రేపు నా కొడుక్కి ఏదైనా అయితే, తెంపడానికి మళ్ళీ నలుగురు రారూ?"

సంచిలో పుస్తకం అలాగే ఉంచాను. నా అధ్యాయంలో తాళి అంటే ఒక సంస్కృతి గుర్తు. ఇక్కడ అది ఒక మనిషికి తగిలిన దెబ్బ. పేరు ఒకటే అయినా వస్తువు వేరు. ముందు అవతలి వైపు కూడా ఇంతే శ్రద్ధగా వినాలని నిర్ణయించుకుని ఆవిడ పెట్టిన ఉప్మా తిని బయల్దేరాను.

బందరు పాసింజరులో నా ఎదురు సీటులో గూడూరు దగ్గర పొలాలున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. నేనెక్కడికి వెళ్తున్నానో, ఏం చెప్తానో అడిగి తెలుసుకున్నాడు. "నేను బందరులో మిషను స్కూల్లోనే చదివానండి. పొద్దున్నే ప్రార్థన పాట పాడించేవాళ్ళు. ఇప్పటికీ స్నానం చేసేటప్పుడు అదే వస్తుంది నోటికి. మా ఆవిడ వెంకటేశ్వర సుప్రభాతం పెడుతుంది, నేను ఇది పాడతాను" అని గట్టిగా నవ్వాడు. సువార్త ఎక్కడెక్కడ నిలిచి ఉందో లెక్క వేయడం మా వల్ల అయ్యే పని కాదు. ఆయన దిగేటప్పుడు, "పెళ్ళి మాత్రం ఆపకండమ్మా" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

పెళ్ళికూతురు కీర్తన బందరులో ఒక ఆసుపత్రిలో నర్సు. మధ్యాహ్నం డ్యూటీ దిగి నన్ను కలిసింది. ఇద్దరం భోజనం చేసి కంసాలి దగ్గరకు వెళ్ళాం. పుస్తెలు తయారుగా ఉన్నాయి. రెండు చిన్న బిళ్ళలు, ఒక్కోదాని మీద గోటి మొనంత శిలువ. నుదుట విభూతి పెట్టుకున్న ఆ కంసాలి వాటిని దూది మీద పెట్టి చూపించాడు.

"మా తాత నాటి అచ్చండి ఇది. అప్పట్లో దివిసీమ నుంచి పడవల మీద వచ్చి చేయించుకునేవాళ్ళంట."

అవనిగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి కీర్తన మనసు విప్పింది. "నాకైతే కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే మేడం. ఆసుపత్రిలో ఎలాగూ లోపలికి దోపుకోవాలి. కానీ అమ్మా నాన్నా పోయాక అమ్మమ్మే నన్ను పెంచింది. అత్తయ్యేమో ఒంటి చేత్తో సుధీర్‌ని పెంచింది. ఎవరిని బాధపెట్టి నేను పెళ్ళి చేసుకోవాలి?" చల్లపల్లి దాటేదాకా ఏడుస్తూనే ఉంది. మోపిదేవిలో బస్సు ఆగినప్పుడు మొహం కడుక్కుని వచ్చింది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటాక గాలి మారింది. ఇక్కణ్ణుంచి దివిసీమ. రెండు పక్కలా కోత అయిపోయిన పొలాలు, తర్వాత చేపల చెరువులు, ఉప్పు వాసన.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. యేసుదాసు, అతని భార్య రోడ్డు దాకా ఎదురొచ్చారు. స్నానం చేసి, కీర్తన వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. అమ్మమ్మ మరియమ్మ డెబ్బై దాటిన మనిషి. మాట గట్టిది. మెడలో పసుపుతాడుకు అరిగిపోయిన శిలువ పుస్తెలు.

"నీకు మా డెబ్బై ఏడు ఉప్పెన తెలుసా అమ్మా?" అని మొదలుపెట్టింది. "అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. మా అక్క సారమ్మ ఆ చివరూళ్ళో కాపరం. రాత్రికి రాత్రి సముద్రం వొచ్చి పడింది. నీళ్ళు తీశాక మా నాయన, నేను వెతుక్కుంటా పోయాం. ఎక్కడ జూసినా శవాలే. ఎవరు ఎవరో తెలీదు. కుప్పలుగా వేసి కాలుస్తన్నారు, ఏం చేస్తారు పాపం. మా అక్కని మొహం జూసి గుర్తుపట్టలేదు. మెడ జూసి గుర్తుపట్టాం. ఇట్టాంటి శిలువే ఉంది. మా నాయన ఆ కుప్పలోంచి దాన్ని భుజాన ఏసుకొచ్చి, ప్రార్థన చేసి పాతిపెట్టాడు."

కీర్తన ఆ కథ వందసార్లు విని ఉంటుంది, అయినా తల దించుకునే కూర్చుంది.

"ఆచారం కోసం కాదమ్మా నేను అడిగేది" అంది మరియమ్మ. "ఈ పిల్ల మెడలో ప్రభువు గుర్తు ఉండాల. ఎక్కడ పడున్నా, ఈమె ఫలానా అని ఒకళ్ళు రావాల."

అప్పుడు అడిగాను. "మరి తాతగారు?"

"ఆయన పోయి చానా ఏళ్ళయిందమ్మా. తాళి తియ్యమని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఎందుకు తీస్తాను? ఇది ఉంది నేను సచ్చాక నన్ను గుర్తుపట్టడానికి."

నాకు ఒక్కసారిగా దారి కనిపించింది. అక్కడే లేచి విజయమ్మ గారికి ఫోను చేశాను. ఏమీ వివరించలేదు. "రేపు మీ ఆరాధన అయ్యాక ఒక్కసారి రండి. మీరు ఒప్పుకోవాలని అడగను. ఒక మనిషిని చూడాలి మీరు" అన్నాను. ఎవరిని అని ఆవిడ రెండుసార్లు అడిగింది, నేను చెప్పలేదు. చివరికి, "సుధీర్ బండి మీద తీసుకొస్తాడేమో అడుగుతాను" అంది.

ఆదివారం ఉదయం యేసుదాసు సంఘంలో ఆరాధనకు వెళ్ళాను. ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు బల్లల మీద. పాత కీర్తనలకు డోలక్, కొత్త పాటలకు కీబోర్డు. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని అరుగు మీద కూర్చున్నామో లేదో సుధీర్ బండి వచ్చి ఆగింది. ఎండకు కమిలిన మొహంతో విజయమ్మ దిగింది.

మరియమ్మ మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఎదురుపడటం ఇదే మొదటిసారి, అంతకుముందు మాటలన్నీ పిల్లల ద్వారానే నడిచాయి. వియ్యపురాలితో ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి విజయమ్మ అడిగింది. "పెద్దాయన కనపడరేంటండి? పొలం వెళ్ళారా?"

"ఆయన లేరమ్మా. పోయారు."

విజయమ్మ చూపు మరియమ్మ మెడ మీద ఆగింది. చెయ్యి ముందుకు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"మరి... తీయలేదా?"

"ఎవరు తీస్తారు? నా మెడ ఇది" అంది మరియమ్మ.

విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొడుకు సుధీర్ ఏం చేయాలో తెలియక చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. మరియమ్మకు అంతవరకు గుడివాడ సంగతి తెలియదు. కాలవ గట్టు మీద జరిగింది విజయమ్మ తన నోటితోనే చెప్పింది. విని మరియమ్మ, "తెంపారా? చేతులెట్టా వచ్చినయ్యమ్మా ఆళ్ళకి?" అంటూ ఆవిడ వీపు నిమిరింది.

అప్పుడు కీర్తన లేచి వచ్చి కాబోయే అత్తగారి ముందు కూర్చుంది. "అత్తయ్యా, మీ కోపం తాళి మీదా, తెంపినవాళ్ళ మీదా?"

విజయమ్మ కళ్ళు తుడుచుకుంది. "తెంపిన చేతుల మీదేనమ్మా" అంది.

"అయితే ఆ చేతుల్ని రేపు సంఘంలోనే కట్టేద్దాం" అన్నాను నేను. పెళ్ళి క్రమంలో, అంటే ఆ రోజు చదివే ప్రార్థనల వరసలో, తాళి కట్టాక సంఘకాపరి ఒక మాట అనాలని, దానికి సంఘమంతా జవాబు చెప్పాలని ప్రతిపాదించాను. యేసుదాసు కొంచెం కంగారుపడ్డాడు. "మేడం గారూ, క్రమంలో అలాంటిది లేదండి. పై వాళ్ళు అడిగితే?"

"క్రమాలు రాసినవాళ్ళు వాళ్ళ ఊళ్ళ కష్టాలు చూసి రాశారు. మన ఊరి కష్టం మనం రాయాలి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

ఆ సాయంత్రం అరుగు మీద అందరం కూర్చుని ఆ మాటను పదిసార్లు మార్చి రాశాం. నేను పెట్టిన పెద్ద మాటలన్నీ విజయమ్మ తీయించింది.

సోమవారం పెళ్ళి. గుడివాడ మందిరం పాస్టరు గారు రాలేదు, రానని ముందే కబురు పంపారు. కానీ ఆ మందిరం నుంచి ఒక వ్యాను నిండా ఆడవాళ్ళు వచ్చారు. తెల్లచీరల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనక దివిసీమ ఆడవాళ్ళు పూలతో, పుస్తెలతో. సుధీర్ ఒక ముడి వేశాడు. మిగతా రెండూ ఆడపడుచు వేయడం ఈ ప్రాంతపు అలవాటు, అతనికి అక్కచెల్లెళ్ళు లేరు. "అమ్మా, మీరే రండి" అన్నాడు యేసుదాసు. విజయమ్మ లేచింది. ఒకప్పుడు పెళ్ళి పందిరి దరిదాపులకు రానివ్వని మనిషి. రెండు ముడులూ గట్టిగా వేసింది.

తర్వాత యేసుదాసు చదివాడు. "కట్టినవాణ్ణి మరణం తీసుకుపోయినా, ఈ తాళిని ఏ చెయ్యీ ఈమె మెడనుండి తీయకూడదు."

"తీయము" అంది సంఘం. షామియానా చివర నిలబడ్డ హిందూ ఇరుగుపొరుగు వాళ్ళలో కొందరు కూడా ఆ మాట అనడం నాకు వినబడింది.

భోజనాలయ్యాక అవనిగడ్డ వచ్చి విజయవాడ బస్సు ఎక్కాను. వెళ్ళేవాళ్ళు ఎండాకాలంలో మధ్యాహ్నం బస్సు తప్పించుకుంటే మంచిది, నాకు మాత్రం వేరే దారి లేదు. మొవ్వ వైపు పొలాలు ఖాళీగా, నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఈ జిల్లాకు సువార్త వచ్చి చాలా తరాలయింది. అది ఇక్కడి బట్ట కట్టుకుందా లేదా అని మేం తరగతుల్లో వాదించుకుంటాం. నేను చూసిన రెండు సంఘాలూ దాన్ని తమ ఒంటికి సరిపోయేలాగే కుట్టుకున్నాయి. ఒకరు తాళి ఉంచి, ఒకరు తాళి తీసి, ఇద్దరూ ఒక ఆడమనిషి పరువునే కాపాడాలనుకున్నారు. వచ్చే ఏడు ఆ అధ్యాయాన్ని ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను.

పామర్రు దాటాక ఫోను మోగింది. విజయమ్మ గారు. వ్యానులో పాటల చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, నిన్న రాసిన ఆ మాట నాకు పంపుతారా? మా మందిరంలో వచ్చే నెల పెళ్ళుంది. మా పాస్టరు గారిని నేను అడుగుతాను. మాకు తాళి లేదు కదండీ, ఆ చోట 'గౌరవం' అని పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి" అన్నాను. "జవాబు మాత్రం మార్చకండి."