కుప్పలో వేసిన కాయ

మధ్యాహ్నం పూట కల్లంలో కూర్చున్నవాళ్ళకి మెలకువకీ నిద్రకీ మధ్య గోడ ఉండదు. ప్రత్తిపాడు అవతల నల్లరేగడి నేల మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయల నడుమ, నెత్తిన తడిగుడ్డ వేసుకుని రంగు చెడిన తాలుకాయలు ఏరే జోహరాబీకి అసలే ఉండదు. చేతులు ఏరుతూనే ఉంటాయి, మనసు మాత్రం ఎటో వెళ్ళిపోతుంది. ఈ మధ్య అది ఎక్కువగా ఢిల్లీ వెళ్తోంది.

ఎన్నడూ చూడని ఆ పార్లమెంటు ఆమె కలలో ఒక పెద్ద కల్లం. గుండ్రంగా టార్పాలిన్ పట్టాలు పరిచి ఉంటాయి. తెల్లబట్టల పెద్దమనుషులంతా బాసింపట్టు వేసుకుని దేశం నలుమూలల నుంచి వచ్చిన కాయలు ఏరుతుంటారు. మంచివి ఒకవైపు, తాలు ఇంకోవైపు. ఒక మూలన జక్రయ్య కూడా ఉంటాడు. నవ్వకండి, ఆ ఎంపీగారికి కాయ ఏరడం నేర్పింది ఆమే!

అప్పట్లో అతను వేసవి సెలవులకి తల్లి వెంట కూలికి వచ్చేవాడు. ఒట్టి అనుమానం మనిషి. కాయని కుప్పలో వేస్తాడు, అది తాలేమోనని మళ్ళీ వెతికి తీసి చూస్తాడు. జోహరాబీ చేతి మీద ఒక్కటి వేసేది.

"ఏరా, చూసి వెయ్యి. వేశాక మళ్ళీ తియ్యకు. ఇట్టా తీస్తా కూర్చుంటే పొద్దుగూకుద్దిగానీ కుప్ప లేవదు."

అది ఆ కల్లానికంతటికీ ఆమె పెట్టిన చట్టం. ఆసామి కూడా దానికి ఎదురు చెప్పేవాడు కాదు.

జక్రయ్య చదివి ప్లీడరయ్యాడు, సర్పంచయ్యాడు, రెండుసార్లు ఎంపీ అయ్యాడు. ఊరంతా సార్ గారూ అంటుంటే ఆమె ఒక్కతే "ఏరా జక్రయ్యా" అనేది. అతనూ "ఏం జోహరక్కా" అని పలికేవాడు. అంతవరకు బాగానే ఉంది. డిగ్రీ చదివే మనవరాలు సిద్దికా ఒకరోజు ఫోన్లో ఆయనగారి ఓట్ల చరిత్రంతా బయటికి తీసింది. సభలో పచ్చ బటన్ నొక్కితే అవునని, ఎర్ర బటన్ నొక్కితే కాదని అర్థమట. పార్టీ ఏది నొక్కమంటే అది నొక్కడమే తప్ప, ఇన్నేళ్ళలో ఆయన సొంతంగా ఒక్కటి నొక్కిన పాపాన పోలేదు.

"నానీ, మీ జక్రయ్యవన్నీ పచ్చవే!"

"ఎర్రబడ్డాకే గదే కాయ అవునయ్యేది? పచ్చిదాన్ని అవునంటారా, వాళ్ళ మొహాలు మండ!" అని జోహరాబీ ఢిల్లీవాళ్ళనే తిట్టింది. తన చేతి కింద పెరిగినవాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు.

ఆ ఏడే ఆమె కౌలుకి వేసిన మిరపతోట మోసం చేసింది. చెట్టు మనిషెత్తు పెరిగింది, కాయ పట్టలేదు. విత్తనం నకిలీది. సరిగ్గా అప్పుడే ఢిల్లీలో కొత్త చట్టం వస్తోందన్నారు. అది వస్తే గింజ ఎంత దగా చేసినా అమ్మిన కంపెనీవాణ్ణి అడిగే దారి ఉండదట. పెళ్ళికి పోతూ జక్రయ్య కల్లం దగ్గర కారాపితే జోహరాబీ అడ్డంపడి అడిగేసింది.

"నాకు పింఛనొద్దు, ఇల్లొద్దు. ఆ చట్టం మంచిది కాదని నీ నోటితో నువ్వు చెప్పు. ఒక్కసారి."

జక్రయ్య పెళ్ళికి వేళవుతోందన్నాడు. కారెక్కి పోయాడు.

ఓటింగు రోజున సిద్దికా ఫోన్ పట్టుకుని కల్లానికే వచ్చింది. చట్టం నెగ్గింది. కానీ పార్టీవాళ్ళందరివీ పచ్చవైతే, జక్రయ్యది ఒక్కటే ఎరుపు! జోహరాబీ ఏరుతున్న కాయలు వదిలేసి ఫోన్ లాక్కుని చూసింది. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పార్టీవాళ్ళు పరువు కోసం టీవీలో చెప్పేశారు, ఎంపీగారు పొరపాటున నొక్కారని. ఇంకేముంది, ఊరికి పండగ.

"కల్లం చెయ్యి గదా! ఎరుపు కనపడితే ఆగుద్దా?" అని టీకొట్టు గౌస్ బాషా కప్పులు కడుగుతూ ఒకటే నవ్వు.

జోహరాబీకి నవ్వు రాలేదు. చెయ్యి జారితే తన మాట అతను విననట్టే కదా. చట్టం నెగ్గినందుకు కూడా ఆమె అంత బాధపడలేదు. ఆ తర్వాత కలలో పెద్ద కల్లం కనిపించినప్పుడల్లా జక్రయ్య చెయ్యి కనపడేది, మొహం కనపడేది కాదు. ఎంత వంగి చూసినా కనపడేది కాదు.

తర్వాతి ఎన్నికల్లో అతనికి టికెట్టు రాలేదు. మళ్ళీ కల్లాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, కారూ లేదు, మనుషులూ లేరు, ఆటో దిగి నడుచుకుంటూ వచ్చి జోహరాబీ ఎదురుగా ఎండలో చతికిలబడ్డాడు. కలేమో అనుకుని ఆమె ఏరుతూనే ఉంది. అతను అలవాటుగా కాయలు ఏరడం మొదలుపెట్టాక అడిగింది.

"జక్రయ్యా, నిజం చెప్పు. ఆ రోజు చెయ్యి జారిందా?"

"తప్పు నొక్కినోళ్ళు దిద్దుకోవచ్చక్కా. చీటీ మీద రాసిస్తే చాలు. మావాళ్ళు చీటీ తెచ్చారు, పెన్ను కూడా చేతిలో పెట్టారు. రాస్తే మళ్ళీ టికెట్టు నాదేనన్నారు."

"మరి రాయలేకపోయావా?"

జక్రయ్య చేతిలోని కాయని ఒకసారి తిప్పి చూసి కుప్ప మీదికి విసిరాడు.

"వేసిన కాయ మళ్ళీ తీస్తే నువ్వు ఊరుకుంటావా?"

జోహరాబీ ఏడ్చింది. మిరప ఘాటని కూడా సాకు చెప్పుకోలేదు. నెత్తిమీది తడిగుడ్డ తీసి అతని తలమీద వేసి, "ఇటు జరగరా, ఎండ కొడతంది" అని తన పట్టా మీద చోటిచ్చింది.