ఉల్లిగడ్డ పరీక్ష

పరికల్పన అంటే ఏమిటో బడిలో చాలా ఏళ్లు పిల్లలకు చెప్పాను. పుస్తకంలో ఉన్న నిర్వచనం మాత్రం నాకు ఒక్కనాడూ రుచించలేదు. ఊహించమంటే ఎవరైనా ఊహిస్తారు. ఆ ఊహ తప్పని తేలే దారి కూడా తామే తెరిచి పెట్టేవాళ్లు ఎంతమంది? నేనెరిగినంతలో మా అవ్వ ఒక్కతే. బాపును, అంటే మా నాన్నను, కన్నతల్లి, బడి ముఖం చూడని మనిషి.

పోలీస్ యాక్షన్ జరిగిన తర్వాతి చలికాలం అది. మాది దేవరకొండ దగ్గర మెట్ట పల్లె. నాకు ఎనిమిదేళ్లు. రజాకార్ల కాలంలో దళంలో కలిసిన మా చిన్నాయన, మిలటరీ వచ్చాక కూడా ఇల్లు చేరలేదు. కాల్చేశారని కొందరు, గుట్టల్లో ఉన్నాడని కొందరు అనేవాళ్లు. అవ్వ రోజూ జొన్నరొట్టె, పప్పు మూటగట్టి ఇచ్చేది. మిలటరీ కంట పడకుండా బాపు, నేను దాన్ని మా చేని చివర రాళ్ల సందులో పెట్టి వచ్చేవాళ్లం. సాయంత్రానికి రొట్టె ఉండేది కాదు, బట్ట మడతపెట్టి ఉండేది. మడత పెట్టేది మనిషే కదా, ఆ మనిషి తన కొడుకేనని అవ్వ నమ్మకం. నెల రోజులు ఇంటిల్లిపాదీ ఆ నమ్మకం మీదే బతికాం.

ఒకనాడు అవ్వకే అనుమానం వచ్చింది. "రొట్టె ఎవ్వడైన తింటడు. గందుల ఏముంది?" అని, ఒక ఉల్లిగడ్డ పొట్టు తీసి మూటలో పెట్టింది. మా ఊళ్లో ఉల్లిగడ్డ లేనిదే ఎవరికీ రొట్టె గొంతు దిగదు. చిన్నాయనకు మాత్రం దాని వాసనకే కడుపులో తిప్పేది. ఎంత ఆకలైనా ముట్టేవాడు కాదు.

"వాడైతె గిది మిగులుతది. మిగల్లేదా, వాడు గాడు" అంది.

బాపు ముఖం వాడిపోయింది. "ఎందుకే అమ్మా గీ పరీక్షలు? వాడే తింటున్నడనుకోరాదు?"

"ఊకె అనుకుంట ఎన్ని దినాలు కూసోవాల్రా? నాకు తెల్వాలె."

సాయంత్రం చూస్తే బట్ట తప్ప ఏమీ లేదు. బాపు మోటబావి కింది మడిలో ఒక ఉల్లిగడ్డ పీకి, ఆకు తుంచి, మట్టి తుడిచి బట్టలో కట్టాడు. "నువ్వేం సూడలే బిడ్డా" అన్నాడు. అంత పెద్ద మనిషి కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదే మొదలు. ఆ అబద్ధానికి బాపు మీద నాకు ఇప్పటికీ ప్రేమే తప్ప కోపం రాదు.

అవ్వ మూట విప్పింది. తాను పెట్టింది పొట్టు తీసినది, వచ్చింది పొట్టుతో ఉన్నది. చాలాసేపు దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చుంది. "మిగిలిందిరా, మంచిగైంది. పోయి కాళ్లు కడుక్కో" అంది మెత్తగా. అవ్వ నమ్మిందనే బాపు నమ్మాడు.

తెల్లారి నేను లేచేసరికి అవ్వ రొట్టెలు చేస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. బాపు ఎడ్లను విప్పడానికి పోయిన అదను చూసి, మూటలో రెండు ఉల్లిగడ్డలు పెట్టి నా చేతికిచ్చింది.

"ఎవలు గన్న కొడుకో, పాపం. ఉల్లిగడ్డంటె ఇష్టమున్నట్టుంది" అంది.