మూడో రోజు ఉప్పు

మా అమ్మకీ, వాళ్ళక్క అయిన పెద్దమ్మకీ మాటల్లేవు. తాతగారి మామిడి తోట పంచుకున్నప్పుడు బోరు పెద్దమ్మ వాటాలోకి పోయింది. మాటలు కూడా ఆ బోరులోనే పడ్డాయి. అయినా ఏటా ఆవకాయ పెట్టిన మూడో రోజు, జాడీ తిరగకలిపాక, అమ్మ గిన్నెలో కాస్త తీసి నా చేతికిచ్చేది. పక్క వీధిలో పెద్దమ్మ దాన్ని నాలుక్కి రాసుకుని, గట్టిగా చప్పరించి, తీర్పు చెప్పేది.

"ఇంకో గుప్పెడు ఉప్పు పడాలి. నేనన్నానని చెప్పకురా."

"నేనడిగానా ఆవిణ్ణి?" అంటూనే అమ్మ గుప్పెడు ఉప్పు వేసేది.

రాయబారులకి కార్లిస్తారని విన్నాను. నాకు సైకిలు కూడా లేదు.

ఈ కథ హాస్టల్లో చెప్పి చాలా టీలు తాగాను. నాటకాలు రాసే స్నేహితుడొకడు దాన్ని స్టేజీ ఎక్కించాడు. పెద్దమ్మ ఎలా చప్పరిస్తుందో అక్క వేషం కట్టిన అమ్మాయికి నేర్పింది నేనే. మా ఊరు నూజివీడులోనే ప్రదర్శన. ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, ఒకే వరుసలో చెరో చివర కూర్చోబెట్టాను. నవ్వుకుని కలిసిపోతారనుకున్నాను. నాటకం చూసి ఎవరూ మారరని అందరితో వాదించేది కూడా నేనే.

స్టేజీ మీద అక్క చప్పరించింది. హాలంతా నవ్వింది. రెండోసారి వెనక కుర్చీలవాళ్ళు కూడా ఆమెతో పాటు చప్పరించారు. అమ్మ తల దించుకుంది. పెద్దమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని లేచి వెళ్ళిపోయింది. నా పళ్ళు అప్పటికింకా బయటే ఉన్నాయి.

మే నెలలో అమ్మ ఆవకాయ పెట్టింది. మూడో రోజు తనే రుచి చూసి, జాడీకి గుడ్డ కట్టేసింది.

"పెద్దమ్మకి పంపవా?"

"ఏ మొహం పెట్టుకుని పంపను? అక్కని చూసి ఊరంతా నవ్వింది. నేనే చెప్పించాననుకుంటుంది."

అమ్మ పెరట్లోకి వెళ్ళగానే గుడ్డ విప్పి, కాస్త తీసుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను.

"మీ అమ్మ పంపిందా?"

"లేదు పెద్దమ్మా. నేనే తెచ్చాను."

ఆవిడ గిన్నె అందుకుంది. "కాస్త అటు తిరగరా," అంది. తిరిగాను. గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. వెనక ఏ చప్పుడూ లేదు.

"బాగానే ఉందని చెప్పు," అంది, పెళ్ళి భోజనం గురించి పరాయివాళ్ళకి చెప్పినట్టు.

అన్నేళ్ళలో ఒక్కసారి కూడా బాగుందని అనని మనిషి. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి చెప్పలేకపోయాను.