గోటికి తగలని గీతలు

ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కితే నా పక్కన ఒకామె కూర్చుంది. ఆమె ఒళ్లో తువ్వాలు చుట్టిన మందపాటి ఇనప గొట్టం ఉంది.

"ఏంది పెద్దమ్మా అది?" అన్నాను.

"మా ఆయిల్ ఇంజన్ లైనర్ పాపా. పిస్టన్ ఆడేది దీంట్లోనే. రింగులు కొత్తవి దొరికినాయి, ఇది మాత్రం యాడా దొరకలే. ఆడ ఇంజన్ ఆగి, నీళ్లు పారక చీనీ చెట్లు వాడిపోతాండాయి."

తువ్వాలు విప్పి చూపించింది. లోపలంతా సన్నటి గీతలు.

"గోరు తట్టుకుంటే పనికిరాదంట. జారిపోతే మళ్లీ వేసుకోవచ్చంట. కలుపు తీసి తీసి నా గోర్లు అరిగిపోయినాయి. రోంత నువ్వు చూడు."

నేను గోరు ఆనించి లోపల చుట్టూ తిప్పాను. ఎక్కడా తట్టుకోలేదు. ఆ మాట చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

ముద్దనూరు దాటాక వాళ్ల ఊరి స్టాపులో ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

"ఈ పాప చూసింది, గోరు తగల్లేదు!" అని దిగుతూనే కేకేసింది.

ఆయనకు నమ్మకం కుదరలేదు. గొట్టాన్ని నా కిటికీ దాకా ఎత్తి పట్టుకున్నాడు. "ఇంగొక్కసారి నా ముందర చూడు తల్లీ."

కండక్టర్ విజిల్ వేయకుండా ఆగాడు. నేను మళ్లీ గోరు తిప్పాను.

"తగల్లేదు పెద్దనాయనా."

చొక్కాకు గ్రీజు అంటుకుంటున్నా ఆయన దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ దారిలో చీనీ తోటలు పచ్చగా కనిపిస్తాయి. వాటిలో వాళ్లది ఏదో నాకు తెలియదు. అందుకని అన్నిటినీ చూసి సంతోషపడతాను.