ఆముదం తాగిన కుర్చీ

మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఏ శుభకార్యంలో కలిసినా ఒకే కథ చెప్పి నలుగురినీ నవ్వించేవారు. "మా అల్లుడి ఊళ్ళో వడ్రంగి కుర్సీకి రంగేసినాడురా, నా పంచె సగం దానికే అంటుకుపోనాది!" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, సిగ్గులేని మొహం కాబట్టి. ఆ రంగు వేసింది వడ్రంగి కాదు, నేను.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదో, తొమ్మిదో. ఆ ఎండాకాలం నాకు సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి మా ఇల్లూ వాకిలీ చూసుకోవడానికి గురువారం వస్తానని కబురు పెట్టారు. పొందూరు దగ్గర మాది వరి పండించే ఇల్లు. తిండికి లోటు లేదు గానీ, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడానికి ఉన్నది ఒక్కటే చేతుల కుర్చీ, తాతల నాటిది. టేకుదే, గట్టిదే. చెదలు పట్టకుండా అమ్మ ఏటా ఆముదం పట్టించి పట్టించి దాన్ని నల్లగా, జిడ్డుగా చేసిపెట్టింది. నాకేమో కొత్తగా బళ్ళో మేష్టరుద్యోగం వచ్చింది. శ్రీకాకుళం హోటళ్ళలో నిగనిగలాడే ఎర్ర కుర్చీలు చూసొచ్చిన కళ్ళాయె, మా కుర్చీని చూస్తే తల కొట్టేసినట్టుండేది.

మా ఇంటి కర్రపనంతా ఊరి వడ్రంగిదే, ముసలాయన కాబట్టి నేను తాతా అనేవాణ్ణి. మా ఊళ్ళో పెళ్ళిపీటలకు బేరముండదు. ఏ ఇంటి వడ్రంగి ఆ ఇంటికి చేసిచ్చి, పెళ్ళిలో కొత్తబట్టలు పెట్టించుకుంటాడు. అది కూలి కాదు, మర్యాద. మా నాన్న పెళ్ళిపీటలు ఆయనే చేశాడు. నా పీటలకని మంచి పనసచెక్క ఎప్పుడో కోయించి అటక మీద దాచుకున్నాడు. "సిన్నబాబు పీటలు సేసేసి, ఆ పైన ఉలి దించేత్తాను" అని ఊరంతా చెప్పుకునేవాడు.

సోమవారం నేను రంగుడబ్బా మూత తీస్తుంటే వచ్చాడు.

"ఏటి బాబూ అది?"

"కుర్చీకి రంగు, తాతా."

"ఆముదం తాగిన కర్ర బాబూ అది. గాజుపెంకుతో గీకాల, సోడానీళ్ళతో కడగాల, వారం ఎండనియ్యాల. అప్పుడు గానీ రంగు పట్టదు. నాకొగ్గీండి, నాను సేత్తాను."

"వారమా? గురువారం వాళ్ళొస్తున్నారు! ఒక్క రోజులో ఆరుతుందని డబ్బా మీద రాసుంది."

"డబ్బాకేటి తెల్సు బాబూ, మీ అమ్మ ఆముదం సంగతి?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "చదువుకున్నవాణ్ణి, నాకు చెప్తావా?" అనేశాను. ఆయన వెళ్ళిపోయాడు. నేను తగుదునమ్మా అని ఉప్పుకాగితంతో పైపైన నాలుగు రుద్దులు రుద్ది, రెండు పూతలు పూశాను. బుధవారం సాయంత్రం కూర్చునే చోట వేలు పెడితే జిగురుగా అంటుకుంది. మొహానికి రాసుకునే పౌడరు తెచ్చి చల్లి, గుడ్డతో తుడిచేశాను. జిగురు పోయింది, హమ్మయ్య అనుకున్నాను. ఓరి నా తెలివి తగలెయ్య!

గురువారం పిల్ల తండ్రి వచ్చారు. ఒంటి మీద తెల్లటి పొందూరు పంచె. ఆ ఎండలో, ఆ ఉక్కలో గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పి లేవబోతే, వెనకాలే కుర్చీ కూడా లేచింది. ఇద్దరు పట్టి లాగితే గానీ ఊడలేదు. పంచె వెనక భాగమంతా ఎర్రగా అయిపోయింది. ఆయన చూసుకుని పకపకా నవ్వారు. "ఏటి బావా, నానింకా పిల్లనియ్యనేదు, అప్పుడే మీ కుర్సీ నన్నొదలనంటన్నాది!"

నాన్న మాత్రం నవ్వలేదు. "ఎవుడురా ఈ రంగేసినోడు?" అన్నాడు నాకేసి చూసి.

"వడ్రంగి తాత" అన్నాను. ఆలోచించలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది.

అప్పటికప్పుడే ఆయన్ని పిలిపించారు. పాడైన పంచె విప్పేసి మా నాన్నది కట్టుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి ముందు తాత చేతులు కట్టుకు నిలబడ్డాడు. "ఏటి మావా, ఇదేనా నీ పనితనం?" అని నాన్న కేకలేశాడు. తాత కుర్చీని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. తేలు కుట్టిన దొంగలా నేను గుమ్మం కేసి చూస్తున్నాను.

"తప్పయిపోనాది బాబూ" అన్నాడు. "ముసిలోణ్ణి. ఆముదం సంగతి మర్సిపోనాను."

సంబంధం ఖాయమైంది. "కుర్సీకి రంగెయ్యలేనోడు పీటలేటి సేస్తాడు?" అని నాన్న పెళ్ళిపీటల పని శ్రీకాకుళంలో ఎవరికో అప్పజెప్పాడు. పెళ్ళికి నెల రోజులుంది. నిజం చెప్పడానికి ముప్పై రోజులన్నమాట! పంచె పాడైతేనే నవ్వినాయన, రంగు వేసింది అల్లుడని తెలిస్తే ఇంకా నవ్వేవారు, అంతే. అది తెలిసి కూడా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. తాత ఇంటి మీదుగా బడికి వెళ్ళడం మానేసి, గట్ల వెంట చుట్టు తిరిగి వెళ్ళాను.

మా వైపు పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే. పట్నం పీటలొచ్చాయి, వాటికీ ఎర్ర రంగే. కొత్తబట్టలు పట్నం వడ్రంగికి పెట్టారు. తాత పిలవకుండానే వచ్చి, పాత పంచెతో పందిరి రాట పక్కన నిలబడ్డాడు. నేను పీట మీద కూర్చోబోతుంటే గబగబా ముందుకొచ్చి, వంగి, అరచెయ్యి దాని మీద ఒకసారి గట్టిగా అదిమి, ఆ చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఆరినాది బాబూ" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. "బయం నేదు, కూకోండి."

మామగారు రెండడుగుల దూరంలో ఉన్నారు. నాన్న పక్కనే ఉన్నాడు. నేను నోరు విప్పకుండా కూర్చున్నాను.